చెల్లమ్మ ముఖం

కోవిల్‌పట్టి
1936 జనవరి 26

అక్కా,

మన చెల్లమ్మ ముఖాన్ని కాల్చినవాడు కాళిముత్తు. టాకీ డేరా పక్కన బల్ల వేసుకుని, జవ్వాది పూసుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ముఖం తెల్లబరిచే స్నో డబ్బాలమ్ముతాడే, వాడు. పేరు ముందే రాసేశాను. మన ఇళ్ళలో జరిగిన తప్పు గురించి పొద్దుగూకేదాకా మాట్లాడతారు గానీ చేసినవాడి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. క్షేమ సమాచారాలు తరువాత.

నాకెలా తెలిసిందంటావా? మిల్లులో నా పక్కన పనిచేసే మునియాండి మిరపకాయల బేరానికి విరుదునగర్ వచ్చి, మీ వాకిట్లో మజ్జిగ తాగి వచ్చాడు గదా. చెంబు తెచ్చింది చెల్లమ్మేనట. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చిందట. గాలికి కొంగు తొలగితే చెంపలు రెండూ పొలుసులు లేచి ఉన్నాయట, ముక్కు పక్కన మాడిన మచ్చ. "ఏమాయె తాయీ?" అని వాడు అడిగేలోపు చెంబు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తిందట. నువ్వు ఆ పిల్లకు వదినవు. అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర ఉన్నావు. పోయిన నెల ఉత్తరంలో వాన గురించి రాశావు. గేదె ఈనిందని రాశావు. ఇది మాత్రం రాయలేదు!

ఇక్కడికి కూడా దసరాకే డేరా వచ్చింది. ఆట మొదలవక ముందు తెర మీద కాళిముత్తు బొమ్మ వేస్తారు. ఎడమవైపు ఒక నల్లపిల్ల మూల కూర్చుని ఏడుస్తుంటుంది. కుడివైపు అదే పిల్ల సున్నం కొట్టిన గోడలా తెల్లబడి నవ్వుతుంటుంది, పక్కన పెళ్ళికొడుకు. మధ్యలో డబ్బా. నేను తెర వంక చూడలేదక్కా, ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూశాను. అప్పటిదాకా వేరుశెనగలు ఒలుచుకుంటూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్న పిల్లలు ఠక్కున నోరు మూసుకున్నారు. ఒకతె మోచేయి తిప్పి తన రంగు తాను చూసుకుంది. మరునాడు మా మిల్లులో నూలు చుట్టే పొన్నుత్తాయి ముఖమంతా పౌడరుతో వచ్చింది. చెమట, పౌడరు, దాని మీద దూది పొట్టు. మేస్త్రీ "ఏమే, పిండి మిల్లు అనుకొని వచ్చినావా?" అన్నాడు. అందరితోపాటు తనూ నవ్వింది. తరువాత కుళాయి కింద నిలబడి ముఖం రుద్దుకుంటూనే ఉంది, తోలు ఊడివచ్చేదాకా వదలనన్నట్టు.

నల్లరేగడిలో, నడినెత్తిన ఎండలో పత్తి తీసి బతికే వాళ్ళం మనం. మన ఆడవాళ్ళు నల్లగా కాక ఇంకెలా ఉంటారు? అది ఏడవవలసిన విషయమని వాళ్ళకు చెప్పిందెవరు? నిన్నటిదాకా లేని ఏడుపును తెర మీద వేసి, దానికి మందు పక్కనే అమ్ముతున్నాడు.

నేను ఊరుకోను. ఆ కాగితాలన్నీ డేరా వచ్చినప్పటి నుంచే పోగుచేస్తున్నాను. స్నో, పౌడరు, సబ్బు, పాటల పుస్తకాల అట్టలు. గదిలో గోడకు అతికించి, ఒక్కొక్కదాని మీద అది చెప్పే అబద్ధమేమిటో ఎర్రసిరాతో రాస్తున్నాను. దాన్నుంచి నోటీసు వేస్తాను. నువ్వు నిజం రాయి. తెలుగులోనే రాయి. తాత ఇసుకలో దిద్దించిన అక్షరాలు మనిద్దరికే వచ్చు, మీ మామ అరవం తప్ప చదవలేడు. భయమెందుకు?

తమ్ముడు
అళగర్సామి


విరుదునగర్
1936 ఫిబ్రవరి 11

తమ్ముడు అళగర్సామికి అక్క వల్లియమ్మాళ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం విప్పగానే అరుపు వినబడింది. పక్కింటివాళ్ళకు వినపడకుండా మడిచి జాకెట్లో దోపుకున్నాను. ఒరే, కాగితం మీద కూడా గొంతు చించుకుంటావేమిరా?

చెల్లమ్మకు ఒంట్లో వేడి చేసింది. వేపాకు నూరి పట్టిస్తున్నాము. నువ్వు చెప్పే కాళిముత్తు మా వీధి గడప తొక్కలేదు. మా ఊళ్ళో డేరా కూడా లేదు, కార్తీకంలోనే ఎత్తేశారు. కాబట్టి మునియాండి చూసిందాన్నీ, నువ్వు ఊహించిందాన్నీ కలిపి ముడి వేయకు.

బడికి మాత్రం పోవడం లేదు. ఇదొక్కటే నాకు బాధ. పెద్దమనిషైన పిల్లకు బడేమిటని మామ అంటే, ఆయనను ఒప్పించడానికి నేనూ మీ బావా ఎన్ని పూటలు అన్నం మానేశామో నీకు తెలుసు. ఏప్రిల్ మొదట్లో ఎనిమిదో తరగతి పరీక్ష. అది రాస్తేనే టీచరు ట్రెయినింగు. రాయకపోతే మామ బడి మాన్పించేస్తాడు, ఆ మాట పైకి చెప్పేశాడు. ఇప్పుడు అది నట్టింట్లో అద్దానికి గుడ్డ కప్పి, చీకటి గదిలో గోడవైపు తిరిగి లెక్కలు చేసుకుంటోంది. నేను దీపం తీసుకెళ్తే "వద్దు వదినా, నాకు తెలుస్తాంది" అంటుంది. చీకట్లో లెక్కలు ఎలా తెలుస్తాయిరా?

అమ్మ బాగుందా? నాయన దగ్గు తగ్గిందా? ఆడవాళ్ళ హక్కులంటూ నువ్వు పంపే ఆ చిన్న పుస్తకాలు ఇక పంపకు. బియ్యం డబ్బాలో దాచడానికి చోటు లేదు.

ఇంకేమీ అడగకు. అడిగితే చెప్పవలసి వస్తుంది.

అక్క


కోవిల్‌పట్టి
1936 మార్చి 3

అక్కా,

వేడి! కుష్ఠు వచ్చినా మనవాళ్ళు వేడి అనే అంటారు. నేను నమ్మలేదు.

పోయిన వారం ఒక సాయంత్రం షిఫ్టు దిగి నేరుగా కాళిముత్తు బల్ల దగ్గరికి వెళ్ళాను. జనం చుట్టూ ఉండగానే అడిగాను, "నీ డబ్బాలో ఏముందయ్యా?" అని. వాడికి కోపమే రాలేదు. "తంబీ, చందనం ఉండాది, రోజా ఉండాది, నీకు ఏం కావాల?" అన్నాడు. "ముఖాలు కాలుతున్నాయి" అన్నాను. "కాలేది కాదబ్బా, ఎర్రబడితే పని చేస్తాందని అర్థం. నల్లతోలు పోవాలంటే కొంచెం మండదా?" అని జనం వైపు తిరిగి కన్ను కొట్టాడు. విరుదునగర్‌లో నల్లసామి గారి కూతురికి అమ్మావా లేదా అని గట్టిగా అడిగాను. "నేను ఆ ఊళ్ళో బల్లే వేయలేదు సామీ. ఈడ కొన్నోళ్ళు ఏ ఊరికి తీసకపోయినారో నాకేం తెలుసు? నీ ఇంట్లో పోయి అడుగు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను బల్లను ఒక్క తన్ను తన్నాను. డబ్బాలు దొర్లిపోయాయి. మునియాండి పట్టుకోకపోతే ఇంకా ఏం జరిగేదో.

రాత్రికి రాత్రే నోటీసు రాసి అచ్చుకిచ్చాను. అరవంలో వేయించాను, అందరికీ అర్థం కావాలని. ఇదీ మొదలు:

"స్త్రీజాతిని మోసగించే స్నో వ్యాపారుల్లారా! విరుదునగర్ మిరపకాయల మండీ నల్లసామి గారి కుమార్తె చెల్లమ్మాళ్, పదహారేళ్ళ విద్యార్థిని, మీ వల్ల అందమైన తన ముఖాన్ని పోగొట్టుకుని చీకటి గదిలో కుమిలిపోతున్నది! తల్లులారా, ఆమె కన్నీటిని చూడండి!"

చదివినవాళ్ళ రక్తం ఉడికిపోయిందక్కా. సంతలో పంచాను, మిల్లు గేటు దగ్గర పంచాను. ఒక కట్ట మునియాండి చేత మీ ఊరికి పంపుతున్నాను. మండీ వీధి మొత్తం పంచమన్నాను. ఇక ఆ పిల్ల ఒంటరిది కాదు. ఊరు ఊరంతా ఆమె పక్షాన నిలబడుతుంది. ఆమెతో చెప్పు.

అళగర్సామి


విరుదునగర్
1936 మార్చి 12

అళగర్సామీ,

ఆశీస్సులు లేవు. మనసు రావడం లేదు.

ఊరు ఊరంతా నిలబడింది. మా వాకిట్లో నిలబడింది. నీ నోటీసు పంచిన మధ్యాహ్నమే మొదలైంది. ఎన్నడూ గడప తొక్కని ఆడవాళ్ళు ఉప్పు అప్పు అడగడానికి వచ్చారు. చెంబెడు నీళ్ళు అడిగారు. ఒకతె, మా మండీ గుమాస్తా పెళ్ళాం, ఏ సాకూ లేకుండా నేరుగా "ఆ పిల్ల ఏడ ఉండాది, ఒక్క తూరి చూసిపోతాము" అంది. చెల్లమ్మ దొడ్డిదారిన పరుగెత్తి మిరపకాయల గోదాములో దాక్కుంది. చీకటి పడ్డాక నేను వెళ్ళి తలుపు తీస్తే బస్తాల మధ్య ముడుచుకుని కూర్చుంది. ఆ కారం ధూళికి మామూలు ముఖమే మండుతుంది, దాని ముఖం ఏమై ఉంటుందో నువ్వే ఊహించుకో. నీకు ఊహ బాగా ఉంది గదా. తెల్లవార్లూ మజ్జిగలో తడిపిన గుడ్డ వేస్తూ కూర్చున్నాను.

మామ నీ నోటీసును నలుగురి ముందు చదవవలసి వచ్చింది. ఇంటికొచ్చీ రాగానే పలక, పుస్తకాలు అటకెక్కించాడు.

"అందమైన ముఖాన్ని పోగొట్టుకుని." ఎవరు చెప్పార్రా నీకు, అది ముఖం పోగొట్టుకుందని? ముఖం దాని దగ్గరే ఉంది. మచ్చ పడింది, అంతే.

సరే, అడగకు అన్నాను, నువ్వు అడగకుండానే వీధికెక్కించావు. కాబట్టి చెబుతాను, విను.

ఆ డబ్బాలు కాళిముత్తు దగ్గర మేము కొనలేదు. కార్తీకంలో చెల్లమ్మ పెద్దమనిషైన సడంగు వేడుక రోజున, మేనమామ సారెగా పెట్టే సీరులో వచ్చాయి. చెల్లమ్మకు మేనమామ ఎవరు? మన నాయన. పందిట్లో పెట్టిన తాంబాళాలు నువ్వూ మోశావు గదా. పట్టుచీర, గాజులు, పసుపు, దువ్వెన, వాటి పక్కన వెండికాగితం చుట్టిన రెండు డబ్బాలు. సీరు వస్తువు జంటగా పెట్టాలి గనుక రెండు. పెట్టింది అమ్మ.

చెల్లమ్మ మొదట ఇష్టంగానే రాసుకుంది, అది దాచను. వారం తిరక్కముందే మంట అంది. అత్త సంగతి తెలుసు గదా. పుట్టింటి నుంచి వచ్చిన సీరును మధ్యలో మానేస్తే పుట్టింటికి కీడని ఆమె భయం. పసుపుకొమ్మయినా సరే చివరిదాకా అరగదీయాలి. ప్రతి పొద్దూ తన చేత్తోనే పూసింది. "మా అన్న ఇంటి సీరు నీకు చెడుపు చేస్తాదా బిడ్డా, కొంచెం ఓర్చుకో" అంటూ పూసింది. పిల్ల పళ్ళు బిగించుకుని కూర్చునేది. ఒక డబ్బా అయిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ వాసన చూసి, ఇందులో పాదరసం ఉన్నట్టుంది, ఇంకొక్కసారి రాస్తే ఊరుకోనని అరిచింది. అప్పటి నుంచి రెండో డబ్బాను అత్త దేవుడి గూట్లో పెట్టింది. పూయడానికీ భయమే, పారేయడానికీ భయమే.

అమ్మ ఎందుకు పెట్టిందో నన్ను అడగకు. అమ్మనే అడుగు. చెల్లమ్మ నీకు మురైపిల్ల, నీకే ఇవ్వవలసిన మేనత్త కూతురు అని మాత్రం గుర్తుంచుకుని అడుగు. అడిగేముందు నీ గది గోడ ఒకసారి చూసుకో.

వల్లి


కోవిల్‌పట్టి
1936 మార్చి 21

అక్కా,

అడిగాను.

అమ్మ దూది గింజలు వేరుచేస్తూ కూర్చుంది. నా గొంతు విని నాయన కూడా వచ్చాడు. మాటలు మాటలుగానే రాస్తాను, నా మాటల్లో చెబితే మళ్ళీ నోటీసు అవుతుంది.

"అమ్మా, సీరులో స్నో నువ్వు పెట్టావా?"

"నేనే పెట్టినాను. ఏమిరా అట్ల ఉరిమి చూస్తాండావు? దాంట్లో తప్పేముండాది? మంచి సరుకని కాళిముత్తే చెప్పినాడు. నా కోడిపెట్టను అమ్మి కొన్నాను."

"ఎవరడిగారు నిన్ను?"

"నువ్వే అడిగితివి."

"నేనా?"

"నోటితో అడగాల్నా? నీ గోడ చూసినాను గదా. సామి పటాలు పీకేస్తివి, ఆ తెల్ల పిల్లోళ్ళ పటాలు గోడ నిండా అంటిస్తివి. పొద్దున లేస్తే దాని ముందరే నిలబడతావు, పడుకోబోతా దాని ముందరే నిలబడతావు. నాకు చదువు రాదు, కండ్లు కూడా లేవా? అబ్బోడికి ఇట్లాంటిదే కావాల, మన చెల్లమ్మ ఎండలో తిరిగి నల్లబడిండాది, రేపు ఇది వద్దంటే ఆడబిడ్డ ముఖం ఎట్ల చూసేది అని భయపడితిని."

"దాని మీద ఎర్రగా రాశాను గదమ్మా! అంతా తిట్లే రాశాను!"

"కుంకుమ పెట్టినావు అనుకుంటిని."

నాయన నవ్వబోయి, నా ముఖం చూసి దగ్గాడు.

అక్కా, నేను ఆ గది గోడ ముందు నిలబడ్డాను. ఒక్క అక్షరం చదవకుండా చూడాలని ప్రయత్నించాను. నవ్వుతున్న పిల్లలు, గోడ నిండా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? మునియాండి కూడా చదువుకోలేదు. వాడు ఇన్నాళ్ళూ ఏమనుకున్నాడో! అన్నీ చింపేశాను. గోడకు సున్నం పెచ్చులు ఊడాయి. నాకు నిద్ర లేదు, మిల్లులో కూర్చోబుద్ధి కావడం లేదు, రెండుసార్లు స్టేషను దాకా వచ్చి టిక్కెట్టు కొనకుండా తిరిగి వెళ్ళాను.

ఇక ఒకటే దారి. చెల్లమ్మతో చెప్పు, నేను ముఖం చూసేవాణ్ణి కాను. మచ్చ ఉన్నా సరే, అది ఇంకా పెద్దదైనా సరే, ఈ చిత్తిరై నెలలోనే పెళ్ళి చేసుకుంటాను. పదిమందికీ ఆదర్శంగా ఉంటుంది. అదే రోజు పెళ్ళిపందిట్లో స్నో డబ్బాలు తగలబెడతాను. ఆమె పరీక్ష గురించి బెంగపడనక్కరలేదు, నేనే ఇంట్లో చదువు చెబుతాను. వెంటనే జవాబు రాయి.

అళగర్సామి


విరుదునగర్
1936 ఏప్రిల్ 1

కోవిల్‌పట్టి బావకు చెల్లమ్మాళ్ రాసుకున్నది.

ఉలిక్కిపడకు. తెలుగక్షరాలు మీ ఇద్దరికే వచ్చని నువ్వు అనుకున్నావు. వదిన నాకు పోయిన ఏడే నేర్పింది, వడ్లు దంచే రోటి దగ్గర తౌడు మీద రాయించి. నీ ఉత్తరాలన్నీ చదివాను. బియ్యం డబ్బాలో నీ చిన్న పుస్తకాలు కూడా చదివాను. బాగున్నాయి. వాటిల్లో ఆడదాన్ని అడగకుండా ఏమీ చేయకూడదని ఉంది. నువ్వు ఆ పేజీ దాకా రాలేదేమో.

నువ్వు ముఖం చూసేవాడివి కావట. మరి నోటీసు మొదట్లోనే అందమైన ముఖం అని ఎందుకు రాశావు? నేను అందంగా లేకపోయి ఉంటే కాల్చవచ్చునా? పదిమందికి ఆదర్శంగా ఉండడానికి నన్ను పెళ్ళాడతానంటున్నావు. కాళిముత్తు కూడా పెళ్ళే చూపించాడు బావా. వాడి బొమ్మలోనూ చివరికి పెళ్ళికొడుకు వచ్చి పక్కన నిలబడతాడు.

నాకు కోపం వచ్చి రాస్తున్నాను, తప్పుంటే తప్పే.

ఇంకొకటి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నన్ను ఎవరూ బలవంతం చేయకముందే నాకు ఆ డబ్బా కావాలనిపించింది. మా ఊళ్ళో డేరా ఎత్తేయకముందు ఆ బొమ్మ నేనూ చూశాను. ఆటలో కథానాయిక మెడ తిప్పి నవ్వితే పాట పాడేవాడు ఆగిపోయి చూస్తాడు. ఇంటికొచ్చి అద్దం ముందు మెడ తిప్పి చూశాను. నన్ను చూసి ఎవరు ఆగుతారు అనిపించింది. ఆ చింత ఎట్లా ఉంటుందంటే, లెక్క చేస్తున్నా పక్కనే కూర్చుంటుంది. సీరులో డబ్బా కనిపించినప్పుడు నేను ఎగిరి గంతేయలేదు గానీ లోపల గంతేశాను. ఆ కోరిక తప్పని నేను అనుకోను. దాన్ని పట్టుకుని నా చర్మం కాల్చడం తప్పు. దాని గురించి ఒక్కరూ నాతో మాట్లాడకపోవడం తప్పు. అమ్మ మాట్లాడితే అరిష్టం గురించి. నువ్వు మాట్లాడితే స్త్రీజాతి గురించి.

నీ నోటీసు వల్ల ఒక మంచి జరిగింది, అది కూడా చెప్పాలి. మా తరగతి పట్టమ్మాళ్ దొడ్డిదారిన వచ్చింది. చూడ్డానికి వచ్చిందనుకుని తలుపు వేయబోయాను. అది రవిక చెయ్యి పైకెత్తి, మోచేతి మీద కమిలిన తోలు చూపించింది. ముఖానికి రాసుకునే ముందు చేతి మీద రాసి చూసిందట. "నీకూ ఇట్లే ఉండాదా? నేను నాకొక్కదానికే అనుకొని ఎవరికీ చెప్పలే" అని ఏడ్చింది. దాని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకతెకు కనుబొమలు ఊడిపోయాయి, మసితో గీసుకుని తిరుగుతోంది. మేము గోదాము వెనక కూర్చుని తుమ్ముతూ, ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ చాలాసేపు నవ్వుకున్నాము. ఎందుకు నవ్వామో తెలియదు. ఆ రోజే నేను అద్దం మీది గుడ్డ తీశాను.

ఇక అసలు పని. సోమవారం పదింటికి పరీక్ష. నాన్న పుస్తకాలు అటక మీద నుంచి దించలేదు, కానీ వదిన ఒక్కొక్కటిగా దించి ఇచ్చింది, ఆయనకు తెలుసు, తెలియనట్టు ఉన్నాడు. అడ్డమల్లా అమ్మే. దేవుడి గూట్లో సీరు డబ్బా ఉండగా నేను మచ్చలతో గడప దాటితే తన పుట్టింటి పేరు వీధిలో పడుతుందని ఆమె ఏడుపు. నేను నిన్న నేరుగా అడిగాను, "సీరు పెట్టిన మనిషే వచ్చి, నేను తప్పు వస్తువు పెట్టినాను, తీసుకుంటాను అంటే?" అని. అమ్మ దేవుడి గూటి వంక చూసి, "మా వదిన వచ్చి తన చేత్తో తీసుకుంటే అరిష్టం లేదు. కానీ ఆమె ఏల వస్తాది?" అంది.

అందుకని రాస్తున్నాను. మీ అమ్మను, మా అత్తను తీసుకురా. ఆమెను తిట్టకు. ఆమె నీ గోడను చూసి భయపడింది, నేను తెరను చూసి భయపడ్డాను, మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఆమెతో నేను మాట్లాడతాను. పెళ్ళి మాట ఇప్పుడు తేవద్దు. ట్రెయినింగు అయ్యాక నాకు అడగాలనిపిస్తే నేనే అడుగుతాను, అప్పటికి నీకు ఓపిక ఉంటే జవాబు చెప్పు.

నోటీసులు తేవద్దు. మునియాండి తప్పెట తెస్తానన్నాడట, అది కూడా వద్దు. కాళిముత్తు బల్ల ఇంకోసారి తన్నితే వాడికి ఇంకా నాలుగు డబ్బాలు అమ్ముడవుతాయి. వాడి సంగతి పరీక్ష తరువాత మేము చూసుకుంటాము. డబ్బాలో పాదరసం ఉందని డాక్టరమ్మ కాగితం రాసి ఇస్తానంది.

పట్టమ్మాళ్, ఆ ఇద్దరూ మా ఇంటికే వస్తారు. పౌడరు లేకుండా, కొంగు కప్పుకోకుండా, మసితో కనుబొమలు గీసుకోకుండా మండీ వీధి నడుమనే బడికి నడుస్తాము. దొడ్డిదారి లేదు. చూడవలసినవాళ్ళు చూసుకోవచ్చు. నువ్వు రావాలనుకుంటే వెనక నడువు, ఎవరైనా ఏమైనా అన్నా నోరు మెదపకు. అంతసేపు నువ్వు ఉండగలవో లేదో నాకు అనుమానమే.

ఆదివారం సాయంత్రం బండికే బయలుదేరండి, పొద్దున బండిని నమ్ముకోవద్దు. సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు అందరం మా వాకిట్లో ఉండాలి. తొమ్మిది దాటితే మేము మీ కోసం ఆగము.

చెల్లమ్మాళ్